సాంచాల ఇంట్లో చిన్న స్పీకర్లు

మా వాడలో ఏ వస్తువు కొన్నా ముందు దాని చప్పుడు చూస్తాం. కాలింగ్ బెల్ కానీ, ఫోన్ కానీ, గోడ గడియారం కానీ, "సాంచాల మీదికెల్లి వినవడ్తదా?" అన్నదే మొదటి ప్రశ్న. మరమగ్గాలను మా సిరిసిల్లలో సాంచాలంటారు. మా ఇంటి ముందుగదిలో నాలుగున్నాయి. అవి నడుస్తుంటే గోడకున్న క్యాలెండరు మేకు మీద అటూ ఇటూ ఊగుతుంది. అటు పక్క ఇంట్లోనూ ఇటు పక్క ఇంట్లోనూ అదే మోత. బయటి ఊళ్ల నుంచి చుట్టాలు వస్తే చెవులు మూసుకుంటారు. మాకు మాత్రం మోత ఆగితేనే ఏదో జరిగిందని గుండె గుభేలుమంటుంది.

అలాంటి ఇంట్లో కూర్చుని నేను చెవులతో చేసే ఉద్యోగానికి ఒప్పుకున్నాను. నా ధైర్యం అలాంటిది. హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థ ఉంది. వాళ్ల మనుషులు ఊళ్లు తిరిగి రైతులతో, పెద్దవాళ్లతో మాట్లాడించి రికార్డు చేసుకొస్తారు. ఆ మాటలను విని, ఒక్క ముక్క పోకుండా, అన్నవి అన్నట్టుగా టైపు చేసి పంపాలి. నా వాటాకు వచ్చినవి ఆదిలాబాద్ వైపు మాటలు. ఉట్నూర్, జైనూర్ చుట్టుపక్కల ఊళ్లలో పత్తి గురించీ, వానల గురించీ, చేల మీద పడే అడవి పందుల గురించీ జనం చెప్పిన సంగతులు.

డిగ్రీ చదివిన నేను పన్నెండేళ్లు బీడీలు చుట్టాను. చుట్టినందుకు సిగ్గు లేదు కానీ, చదివిన చదువంతా ఏమైందని ఎవరైనా అడిగితే మాత్రం ఒళ్లు మండేది. కాబట్టి ఈ ఉద్యోగం నాకెంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. అయినా చెబుతున్నాను. చాలా ముఖ్యం.

నెల రోజులు పని చూసి ఖాయం చేస్తామన్నారు. ఇంట్లో కూడా నాకు అదే నెల గడువు దొరికింది. ఎందుకంటే నేను బల్ల వేసుకున్నది మా అత్తమ్మ కండెలు చుట్టే గదిలో. నేతలో అడ్డంగా పోయే దారాన్ని చిన్న పుల్లలకు చుట్టి పెట్టుకుంటారు, వాటినే కండెలంటారు. అత్తమ్మ తన మిషన్‌ను ఒక గోడకు జరుపుకుని నాకు సగం గది ఇచ్చింది. ఆ సగం మీద మా ఆయన రెండేళ్లుగా కన్నేసి ఉన్నాడు. అక్కడ ఐదో సాంచె దించాలని ఆయన ఆశ.

"నెల సూద్దాం," అన్నాడు ఆయన. "నీ నౌకరి నిలవడ్తె గది నీది. లేకుంటె సాంచె దించుత. అప్పుడు మొఖం మాడ్సుకోవద్దు."

"నిలవడ్తది," అన్నాను.

న్యాయమైన బేరమే. కాకపోతే ఆ గదికీ సాంచాలకూ మధ్య ఉన్నది ఒక్క గోడ, దానికి తలుపు లేని దర్వాజా. సాంచాలు ఆగినప్పుడు పని చేసుకోవచ్చు కదా అని సలహా ఇచ్చిన మేధావులు కూడా ఉన్నారు. మా సాంచాలు ఆగేది కరెంటు పోయినప్పుడే. కరెంటు పోతే కంప్యూటరూ పోతుంది.

మొదటి వారం చెవుల్లో పెట్టుకునే వాటితో నెట్టుకొచ్చాను. మోతను మించి వినపడాలని చప్పుడు పెంచి, ఇంకా పెంచి, వాటిని చెవుల్లోకి ఒత్తుకుని కూర్చునేదాన్ని. వారం తిరక్కుండా కుడి చెవి వాచి చీము పట్టింది. కరీంనగర్ పోయి చెవి డాక్టరుకు చూపిస్తే ఆయన చుక్కల మందు రాసి, మూడు నెలలు చెవుల్లో ఏదీ పెట్టొద్దన్నాడు. చెవుల మీద బోర్లించుకునే రకమైనా సరే వద్దన్నాడు. ఇక మిగిలింది బల్ల మీద పెట్టుకునే స్పీకర్లే. ఎలాగూ కరీంనగర్ దాకా వచ్చాను కదా అని అటు నుంచి అటే బస్టాండు దగ్గరున్న కంప్యూటర్ దుకాణానికి పోయాను.

అక్కడ నేను అడిగిన ప్రశ్న తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "అన్నిట్లకు గట్టి సప్పుడు దేనిది?" అన్నాను.

దుకాణదారు నా ఈడువాడే, నవ్వుమొహం మనిషి. పై అరలోంచి స్టూలంత డబ్బా ఒకటి దించాడు. దానికి పక్కన నిలబెట్టే రెండు స్తంభాలు, చుట్టూ నీలం దీపాలు. ఏదో పెళ్లి బరాత్ పాట పెట్టాడు. కౌంటర్ మీదున్న టీ గ్లాసు వణికింది. ఫోన్‌లో చూస్తే దాన్ని కొన్నవాళ్లంతా అదిరింది, బెదిరింది అని రాశారు. నేను మురిసిపోయాను. సాంచాల మీదికెల్లి వినపడేది ఇదేనని, ఇంకేదీ వినకుండా మోసుకొచ్చాను.

ఇంటికొచ్చి బల్ల కింద డబ్బా, బల్ల మీద స్తంభాలు పెట్టి, జైనూర్ దగ్గరి ఒక తాత మాట పెట్టాను. ఆయన నీళ్ల గోలెంలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. అటు గదిలోంచి సాంచాల ధన్ ధన్, ఇటు బల్ల కింద నుంచి డబ్బా ధమ్ ధమ్. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఒకటే మోత అయింది. ఆ మోతలో తాత మునిగిపోయాడు. చప్పుడు పెంచాను. తాత తేలలేదు. ఇంకా పెంచాను. కీబోర్డు జరిగి ఒళ్లో పడింది.

కాసేపటికి పక్కింటి వదిన వాకిట్లోకి వచ్చి నిలబడింది. "ఎవలో పెద్దమనిషి పత్తి పురుగు సంగతి చెప్తుండు. మీ ఇంటికి సుట్టాలొచ్చిన్రా ఏంది?" అంది.

నవ్వొచ్చే మాటే కానీ నాకు చెమటలు పట్టాయి. ఆ మాటలు మా ఇంటి గడప దాటి ఎవరి చెవినా పడకూడదని సంస్థ వాళ్లు కాగితం మీద సంతకం తీసుకున్నారు. గబగబా ఆపేశాను. పెంచితే వీధంతా వింటుంది, తగ్గిస్తే నాకే వినపడదు. మూడు రోజులు అలాగే కుస్తీ పట్టి, అర్థం కాని చోటల్లా "వినపడలేదు" అని రాసి పంపాను.

నాలుగో రోజు సంస్థలో నా పని చూసే మేడం ఫోన్ చేసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "సగం చోట్ల వినపడలేదని రాశారండీ. మాకు ఆ సగమే కావాలి. సోమవారానికి ఇంకొక్క విడత పంపండి, చూసి చెబుతాం," అంది. ఇక చెప్పేది ఏముంటుందో నాకు తెలుసు. ఆ రోజు బుధవారం.

ఫోన్ పెట్టేసి తలెత్తితే మా ఆయన దర్వాజాలో ఉన్నాడు. చేతిలో కొలిచే టేపు. నా తల మీదుగా గోడను చూస్తున్నాడు.

"నెల ఇంక కాలే," అన్నాను.

"కాలే. ఉత్తగ సూస్తున్న."

అందరి మీది కోపం ఆ ఒక్క మనిషి మీదికి మళ్లింది నాకు. కుర్చీ వెనక్కి తోసి, అత్తమ్మ మిషన్ పక్కన కింద కూలబడ్డాను. ఇక్కడ మా అత్తమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆమెకు చెవుడని నేను పెళ్లయిన నాటి నుంచీ నమ్ముతున్నాను. వంటింట్లోంచి నాలుగుసార్లు కేకేస్తే ఒకసారి కూడా పలకదు. వాడలో అందరికీ అదే చెప్పాను కూడా.

ఆమె దర్వాజా వైపు వీపు పెట్టి కండె చుట్టుకుంటోంది. మా ఆయన అవతలి గదిలో చివరి సాంచె దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి ఏదో అన్నాడు. అరవలేదు. మామూలుగా, ఇంకా చెప్పాలంటే మామూలు కన్నా సన్నగా అన్నాడు. నాకు ఒక్క ముక్క అందలేదు. అత్తమ్మ తల తిప్పకుండా గంపలోంచి నీలం కండెలు పది ఏరి నా ఒళ్లో పెట్టింది. "నాలుగోదానికి ఇయ్యి పో. అయిపోయినయట," అంది.

కండెలు ఇచ్చి వచ్చాను. ఆయన అడిగింది నిజంగా అవే. తిరిగొచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"అత్తమ్మా, నీకు చెవులు మంచిగనే వినవడ్తయా?"

"వినవడక ఏమైతయ్?"

"మరి నేను పిలిస్తె పలుకవు."

"నువ్వు ఒర్రుతవు," అంది. "ఒర్రితె మాట ఇరిగిపోతది, సప్పుడే మిగులుతది. సప్పుడుకు ఎవలన్న పలుకుతరా?"

పదిహేనేళ్ల తర్వాత తెలిసింది నాకు, ఆమెకు వినపడక కాదు, వినబుద్ధి కాక పలకలేదని. కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. మోతలో మాట ఎలా పట్టుకుంటావని అడిగాను. ఆమె మిషన్ ఆపి, నేనేదో తెలివితక్కువ పిల్లనన్నట్టు నిదానంగా చెప్పింది.

"సాంచెది దొడ్డు గొంతు. దాని మీద ఇంకో దొడ్డు గొంతు వెడితె రెండు గలిసిపోతయ్. నూలు తీర్గనే పిల్లా. దొడ్డు పోగులల్ల సన్న పోగు ఏసినవనుకో, అది దేంట్ల గలువది, కండ్లకు అవుపడ్తది. అందుకే సాంచాల కాడ సన్నగ మాట్లాడ్తం. ఇంగోటి, మాట చెవికి సమంగ రావాలె." అని, బల్ల కింది డబ్బాను వేలితో చూపించింది. "గది సూడు. నేల మీద కూసోని బర్రె తీర్గ మొత్తుకుంటది. మనిషి మాట నేలకెల్లి వస్తదా ఎన్నడన్న?"

ఫోన్‌లో నేను చదివిన అభిప్రాయాలన్నీ ఒక పక్క, ఈ నాలుగు మాటలు ఒక పక్క. డబ్బా మార్చుకోవడానికి దుకాణదారు వారం గడువిచ్చాడు, ఇంకా రెండు రోజులుంది. మర్నాడే పోదామన్నాను. తనూ వస్తానంది అత్తమ్మ. "నువ్వొక్కదానివే పోతె మల్ల పెద్దదే తెస్తవు," అంది.

బయల్దేరే ముందు ఒక చిక్కొచ్చింది. పరీక్షించడానికి ఏదైనా మాట కావాలి. ఉద్యోగం మాటలు బయట వినిపించకూడదు. పాటలతో ఒకసారి మోసపోయాను. అందుకని మా ఆయన్ను వంటింట్లోకి పిలిచి, ఆయన ముందు ఫోన్ పెట్టి మాట్లాడమన్నాను.

"ఏం మాట్లాడాలె?"

"నీ ఇష్టం. నీకు ఇష్టమైంది చెప్పు."

ఆయనకిష్టమైంది ఒక్కటే. గోడ పొంటి మోటరు ఎక్కడ పెడతాడో, కిటికీ వైపు నిలబడి ఎలా నడపవచ్చో, ఐదో సాంచె వస్తే ఇంటికి ఎంత కలిసొస్తుందో తీరిగ్గా వివరించాడు. నేను పళ్లు కొరుక్కుంటూ కాసేపు విని, కూర మాడుతోందని పొయ్యి దగ్గరికి పోయాను. తర్వాత అత్తమ్మ ఫోన్‌లో సాంచాల మోతను రికార్డు చేశాను. డబ్బాను ఖాళీ నూలు సంచిలో వేసుకుని ఇద్దరం బస్సెక్కాం.

దుకాణంలో అత్తమ్మ కూర్చోవడానికి స్టూలు అడిగింది. మేం వాపసు తెచ్చిన పెద్ద డబ్బాలో సాంచాల మోత పెట్టించింది. ఒప్పుకోవాలి, అది ఆ పనికోసమే పుట్టిన డబ్బా. మా ముందుగది మొత్తం దుకాణంలోకి వచ్చేసింది. ఫోన్ కవర్లు కొనుక్కోవడానికి వచ్చిన ఇద్దరు కొనకుండానే పోయారు.

"గిదేంది అమ్మా?" అన్నాడు దుకాణదారు.

"మా ఇల్లు," అంది అత్తమ్మ. "ఇప్పుడు నీ చిన్నయి ఒక్కొక్కటి తియ్యి. ఆ అట్టపెట్టెల మీద నా చెవికి సమంగ పెట్టు. చెయ్యి సాపినంత దూరంల."

మొదటి జత నున్నగా, మెరుస్తూ ఉంది. అందులోంచి మా ఆయన మోటరు గురించి మొదలుపెట్టాడు. అత్తమ్మ కళ్లు మూసుకుని, వినపడిన మాటల్లా పైకి అంటూ పోయింది. మూడో మాటకే ఆగిపోయింది. "మాట నానిపోయింది. తియ్యి," అంది. రెండోది కంప్యూటర్ తెర కింద పెట్టుకునే పొడుగాటి పట్టీ. "రేకు సప్పుడు." అది కూడా పోయింది. ఇంకో జత చూశాం, దానికీ అదే గతి. దుకాణదారు మొహంలో నవ్వు తగ్గింది. సోమవారం పరిగెత్తుకుంటూ వస్తోంది.

అప్పుడు అత్తమ్మ కింది అర చూపించింది. అక్కడ దుమ్ము పట్టిన చెక్క స్పీకర్లు రెండు ఉన్నాయి. మంచినీళ్ల లోటా కంటే కొంచెం పెద్దవి. దీపాల్లేవు, వెనక తిప్పే మరలు రెండు మాత్రం ఉన్నాయి, ఒకటి చప్పుడుకు, ఒకటి దొడ్డు గొంతు తగ్గించడానికి.

"గవి చిన్నయి అమ్మా. గంత సప్పుడు రాదు వాటికి," అన్నాడు దుకాణదారు.

"సప్పుడు మా ఇంట్ల మస్తున్నది. మాకు మాట గావాలె," అంది అత్తమ్మ.

ఆ మనిషి వాటిని కిందికి దించాడు. దుమ్ము తుడిచి, తీగలు కలిపి, అట్టపెట్టెల మీద పెట్టాడు. అత్తమ్మ చెప్పినట్టు రెండింటినీ కాస్త లోపలికి, ఆమె మొహం వైపు తిప్పాడు. దొడ్డు గొంతు మర తగ్గించాం. సాంచాల మోత అలాగే నడుస్తోంది. దాన్ని చీల్చుకుని కాదు, దాని పక్క నుంచి తాపీగా నడుచుకుంటూ వచ్చినట్టు మా ఆయన గొంతు వచ్చింది. గోడ పొంటి మోటరు. కిటికీ దిక్కు నిలబడడం. అత్తమ్మ వెంట వెంట అంటూనే ఉంది, ఒక్క మాట తప్పలేదు. నేను కూడా వింటున్నాను. నా వాచిన చెవితో సహా వింటున్నాను.

ఐదో సాంచె కథ అయిపోయింది. నేను ఆపబోతుంటే అత్తమ్మ చెయ్యెత్తింది. రికార్డింగ్ చివర కొన్ని క్షణాల ఖాళీ. ఆ తర్వాత, ఫోన్ ఆగిపోయిందనుకుని మా ఆయన తనలో తాను గొణుక్కున్న మాట వచ్చింది. "ఏమో. దానికి నౌకరి నిలవడ్తెనే మంచిగుండు. పాపం, గంత సదువుకున్నది."

అత్తమ్మ ఆ మాటను పైకి అనలేదు. నా వైపు చూసింది. నేను దుకాణదారుకు కనపడకుండా కొంగుతో మొహం తుడుచుకుని, ఇవే కట్టివ్వమన్నాను. నా గొంతు సన్నగా వచ్చింది, కానీ ఆయనకు వినపడింది.

ఇంటికొచ్చాక రెండు ఖాళీ డబ్బాలు బోర్లించి, వాటి మీద పాత చీర ముక్క మడిచి వేసి, స్పీకర్లను నా చెవులకు సమంగా పెట్టాను. అత్తమ్మ నా కుర్చీలో కూర్చుని చూసి, ఎడమదాన్ని ఇంకో రెండు వేళ్లు తిప్పింది. జైనూర్ తాతను మళ్లీ పెట్టాను. తాత గోలెంలోంచి బయటికొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పందుల సంగతి చెబుతూ మధ్యలో దగ్గాడు. వెనక ఎక్కడో ఒక జీపు పోయింది. మరాఠీ కలిసిన ఒక మాట వస్తే దాని అర్థం మా ఇద్దరికీ తెలియదు. అయినా అత్తమ్మ అచ్చు గుద్దినట్టు మళ్లీ అంది, నేను అలాగే టైపు చేశాను. తర్వాత ఆమెను వీధిలోకి పంపి, తాత ఏమంటున్నాడో వినమన్నాను. పక్కింటి గోడ దాకా వెళ్లి తిరిగొచ్చి, "ఏ తాత?" అంది.

శుక్ర, శని, ఆదివారాలు నేను చేసిన పనిని పని అనకూడదు, పండగ అనాలి. పాత వాటిల్లో "వినపడలేదు" అని రాసిన చోట్లన్నీ తిరిగి విని పూరించాను. కొత్త విడత మొత్తంలో ఆ మాట రెండంటే రెండు చోట్ల మిగిలింది. ఆ రెండు చోట్లా మాట్లాడిన మనిషి గాలికి ఎదురుగా నిలబడ్డాడు, తప్పు నాది కాదు.

మంగళవారం మధ్యాహ్నం మేడం ఫోన్ చేసింది. "ఇంత స్పష్టంగా ఎలా విన్నారండీ? ఆ మరాఠీ మాటలు మా దగ్గరే ఎవరూ పట్టుకోలేకపోయారు," అంది. పని ఖాయం చేస్తున్నామనీ, జైనూర్ వైపువి మిగిలినవన్నీ నాకే పంపుతామనీ చెప్పింది. ఫోన్ పెట్టేశాక నేను రెండు చేతులూ పైకెత్తి ఆ సగం గదిలో రెండు చుట్లు తిరిగాను. చూసినవాళ్లు ఏమనుకున్నా నాకు లెక్కలేదు. చూసింది అత్తమ్మ ఒక్కతే.

"నిలవడ్డదా?" అంది.

"నిలవడ్డది."

"మరి గంత ఎగురుడెందుకు? పని జేస్కో," అని కండెల వైపు తిరిగింది. కానీ ఆమె భుజాలు నవ్వుతో కదలడం నాకు కనిపించింది.

మా ఆయనకు కూడా చెప్పాను. మంచిదన్నాడు. మొహం దాచుకోవడానికన్నట్టు సాంచె మీదికి వంగి, తెగని పోగును వెతికాడు. ఆయన గొణుక్కున్న మాట నేను విన్నానని ఈనాటికీ చెప్పలేదు. చెబితే ఇక ఎప్పుడూ గొణుక్కోడు.

ఆ సాయంత్రం నేను టైపు చేస్తుంటే ఆయన నూలు బస్తా ఒకటి భుజాన వేసుకుని లోపలికొచ్చాడు. బయట చోటు లేదేమో, తెచ్చి నా బల్ల పక్కన దించాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అంది, తల ఎత్తకుండా, తన సన్నని గొంతుతో.

"ఆఫీసుల బస్తా పెడ్తరార ఎవలన్న?"

ఆ గదిని ఆఫీసని అప్పటిదాకా నేను కూడా అనలేదు. మా ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు, గోడ చూశాడు. నాలుగు సాంచాలు మోత మోగుతూనే ఉన్నాయి. బస్తాను మళ్లీ భుజానికెత్తుకుని బయటికి నడిచాడు.